చిగురు వేయని మోళ్లు

ఈమధ్య అటవీ శాఖలో బీట్ ఆఫీసర్లుగా కొత్తగా చేరినవాళ్లు నలుగురు మా ఇంటికి వచ్చారు. నా దగ్గర ఉద్యోగకాలం డైరీలన్నీ ఉన్నాయని ఎవరో చెప్పారట. వాళ్లు అడిగింది ఒకటే: స్మగ్లర్లను ఎట్లా పట్టుకునేవారు?

చాలాసార్లు పట్టుకోలేదని చెప్పాను. పట్టుకున్నప్పుడు కూడా సగంసార్లు పట్టుకోవలసిన మనిషిని కాదని చెప్పాను. వాళ్లకు అది నచ్చినట్టు లేదు. ఫొటోలు తీసుకుని, టీ తాగి వెళ్లిపోయారు. మాటల్లో సరిగా చెప్పలేకపోయానేమో అనిపించి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నేను చర్ల, మణుగూరు మధ్య గోదావరికి రెండు వైపులా ఉన్న అడవుల్లో పనిచేశాను. ఏ రేంజ్‌లో ఇది జరిగిందో చెప్పను. మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా డైరీల్లో ఉన్నదే. ఒక్కచోట మాత్రం డైరీలో లేనిది ఉంది. ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

సామిల్లోళ్లు

మా వైపు ఒక కుటుంబాన్ని అందరూ సామిల్లోళ్లు అనేవారు. మొదటి మనిషి సాంబయ్య. కోస్తా నుంచి కూపు కాంట్రాక్టు మీద వచ్చాడు. ప్రభుత్వమే వేలం వేసి నరికించే అడవి ముక్కను కూపు అంటారు. ఆయన నరికిందంతా చట్టప్రకారమే నరికాడు. ఆ సంపాదనతో సా మిల్లు, అంటే కోత మిల్లు పెట్టాడు. తర్వాత కూపులు ఆగిపోయాయి. మిల్లు ఆగలేదు. మిల్లుకు రోజూ దుంగలు కావాలి. ఆ కుటుంబం దొంగతనంలోకి దిగింది ఇంత మామూలుగానే.

నేను చేరేనాటికి సాంబయ్య లేడు. కొడుకు రంగారావు పెద్దరికం చేస్తున్నాడు. బావమరిది లారీలు చూసేవాడు. తమ్ముడు చెక్‌పోస్టుల సంగతి చూసేవాడు. ఆ ఇంట్లో గొడ్డలి పట్టిన మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. కత్తులు, మీసాలు ఊహించుకుని వెళ్లేవాళ్లకు రంగారావు నిరాశ కలిగిస్తాడు. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో కళ్లద్దాలు, ఎదురుపడితే తనే ముందుగా నమస్కారం.

అసలు బలం ఆయనది కాదు, తల్లి మంగమ్మది. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. కోయగూడేల్లో ఎక్కడ కాన్పు కష్టమైనా, ఎవరికి జ్వరం ముదిరినా ఆమె జీపు వచ్చేది. మా గార్డు యాకూబ్ అనేవాడు: "సార్, ఈ ఏరియాల అంబులెన్సుకు ఫోన్ చేస్తే మంగమ్మ వస్తది." దుంగలు మోస్తూ మాకు దొరికిపోయిన కూలీ ఇంటికి, అతను తిరిగి వచ్చేదాకా బియ్యం, పప్పు, నూనె ఆమె పంపేది. జామీనుకు మనుషులను ఆమె పెట్టేది. వకీలును ఆమె పెట్టేది. ఏ కేసులోనూ ఒక్క కూలీ రంగారావు పేరు చెప్పలేదు. భయపడి చెప్పలేదని మా పై అధికారులు రాసేవారు. నేనూ అలాగే రాశాను. భయం కొంతే. తన పిల్లను దవాఖానాకు చేర్చిన మనిషి పేరు పోలీసుల ముందు ఎవరు చెబుతారు?

మీరు ఏ అడవికి వెళ్లినా ముందు ఇది తెలుసుకోండి. ఇలాంటి కుటుంబాలు చేసే పనుల్లో సగం ప్రభుత్వం చేయవలసినవి. మనం చేయనన్ని రోజులు వాళ్లు చేస్తారు.

డెబ్బై ఎనిమిది

నేను ఆ రేంజ్‌కు బదిలీ అయి వెళ్లిన నెలలోనే రంగారావు పట్టాభూమి ఫైలు నా దగ్గరికి వచ్చింది. సొంత భూమిలో టేకు ఉంటే, అనుమతి తీసుకుని నరుక్కోవచ్చు. ముందు మా మనిషి వెళ్లి నిలబడి ఉన్న చెట్లను లెక్కపెట్టి, ప్రతి చెట్టు మొదలు మీద, నేలకు దగ్గరగా, శాఖ సుత్తితో ముద్ర కొడతాడు. నరికాక ఇంకొకసారి వెళ్లి మోళ్లను లెక్కపెట్టాలి. చెట్ల లెక్కకు మోళ్ల లెక్క సరిపోతే దుంగలకు రవాణా పర్మిట్ ఇస్తాం. మొదటి లెక్క నా ముందున్న అధికారి చేసి వెళ్లిపోయాడు. డెబ్బై ఎనిమిది చెట్లు అని ఉంది. రెండో లెక్క నా వంతు.

ఎండాకాలం మొదట్లో వెళ్లాను. యాకూబ్ టేపు పట్టుకున్నాడు. ఒక్కొక్క మోడు చుట్టుకొలత రాసుకున్నాను. ప్రతి మోడు మీదా ముద్ర ఉంది. డెబ్బై ఎనిమిదీ ఉన్నాయి. రంగారావు చెట్టు నీడలో కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు. నేను కూర్చోలేదు, మజ్జిగ తాగలేదు. అప్పట్లో నిజాయితీ అంటే అదేననుకునేవాణ్ణి.

"మీలాంటి ఆఫీసరు వస్తే మాకూ నిమ్మళంగా ఉంటుంది సార్" అన్నాడు రంగారావు. డైరీలో ఈ మాట కూడా రాసుకున్నాను. కొంచెం గర్వంగానే రాసుకున్నట్టు అక్షరాలు చూస్తే తెలుస్తుంది.

సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. లారీలు వెళ్లిపోయాయి.

గుంతలు

పదకొండు రోజుల తర్వాత రంగారావే ఫోన్ చేశాడు. తన పొలానికి రెండు కిలోమీటర్ల అవతల, రిజర్వు అడవి అంచున ఎవరో సాగు కోసం అడవి నరికి పోడు కొడుతున్నారని, టేకు మోళ్లు తవ్వి పారేశారని చెప్పాడు. వెళ్లి చూశాం. నిజమే. నేలంతా గుంతలు. పక్కనే కుంజా ముత్తయ్య పాత పోడు చేను ఉంది. దానికి అటవీ హక్కుల పట్టా కోసం అతను దరఖాస్తు పెట్టుకుని ఉన్నాడు. పోడు చేసేవాళ్లు నేల చదును చేయడానికి మోళ్లు తవ్వడం మామూలే. చేను పెంచుకోవడానికి అతనే తవ్వాడని అనుకున్నాం.

ముత్తయ్యను పిలిపించాం. భార్య లచ్చమ్మ కూడా వెంట వచ్చింది.

"నేను తవ్వలే సార్" అన్నాడు.

"మరి ఎవరు తవ్వారు?"

"నాకేం ఎరుక. నేనే తవ్వితే మోళ్లు యాడ బెట్టిన? నా ఇల్లు చూడుండ్రి. మంచం కింద ఉన్నయేమో."

యాకూబ్ నవ్వాడు. నాకు కోపం వచ్చింది. "కాల్చేసి ఉంటావు" అన్నాను.

"గన్ని మోళ్లు కాలిస్తే బూడిద ఉండదా సార్?"

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: గుంతలు నలభై ఏడు. మోళ్లు లేవు. బూడిద కనిపించలేదు. నిందితుడు ఎదురు మాట్లాడే మనిషి.

నాలుగు వాక్యాల్లో మూడు సాక్ష్యాలు, ఒకటి నా అభిప్రాయం. కేసు నా అభిప్రాయం మీద రాశాను. ముత్తయ్య మూడు వారాలు జైల్లో ఉన్నాడు. జామీను మీద బయటికి వచ్చాక, కేసు తేలేదాకా ఆ చేనులో కాలు పెట్టకూడదని మా ఆఫీసే నోటీసు ఇచ్చింది. ఆ కుటుంబానికి ఉన్నది ఆ చేను ఒక్కటే. కేసులో శిక్ష పడితే పట్టా దరఖాస్తు కూడా కొట్టివేస్తారు.

జామీనుకు నిలబడ్డ ఇద్దరూ మిల్లులో పనివాళ్లు. వకీలును పెట్టింది మంగమ్మ. లచ్చమ్మ ఇంటికి బియ్యం వెళ్లింది. ఇవన్నీ యాకూబ్ నాకు చెప్పాడు. చెప్పి, "మనం జైలుకు తోలుతం, వాళ్లు తోడ్కొస్తరు. మనకన్నా వాళ్లకే మంచి పేరు సార్" అన్నాడు. వినోదంగా అనిపించింది తప్ప, ఇతనికి వాళ్లు ఎందుకు చేస్తున్నారని నేను అడగలేదు. ముత్తయ్య వాళ్ల కూలీ కాదు. వాళ్ల లారీ ఎన్నడూ ఎక్కలేదు.

లచ్చమ్మ ఆకులు

వానలు పడ్డాక, ఆషాఢం మొదట్లో, వేరే పని మీద రంగారావు పట్టాభూమి మీదుగా నడిచి వెళ్తున్నాను. లచ్చమ్మ అక్కడ టేకాకులు కోస్తూ కనిపించింది. నరికిన టేకు మోడుకు తొలివానకే పిలకలు వస్తాయి. ఆ పిలకల ఆకులు పెద్ద చెట్టు ఆకులకన్నా చాలా వెడల్పు. వాటిని వెదురు పుల్లలతో కుట్టి వానకు నెత్తిన కప్పుకుంటారు.

నన్ను చూసి ఆమె పని ఆపలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను: "ఇంత పొలం ఉంటే ఈ మూలకే ఉన్నావేం?"

"ఆకు ఈడనే ఉన్నది సార్."

"అటు కూడా మోళ్లు ఉన్నాయి కదా."

"ఉన్నయ్. చిగురు లేదు."

"ఎందుకు లేదు?"

ఆమె అప్పుడు తల ఎత్తింది. "గది మీ చదువుల ఉంటది గద. నన్నడుగుతరేంది?"

ఆకుల కట్ట నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేసి ఆగింది. "నేను ఆకు కోసిన సార్. గంతే. నేనేం చెప్పలే."

ఆమె ఇంట్లో పొయ్యి మీద ఉడికేది మంగమ్మ పంపిన బియ్యం. ఆ మాత్రం చెప్పడానికి ఆమెకు ఎంత ఖర్చయిందో నాకు ఆ నిమిషంలోనే తెలిసింది.

ఆమె వెళ్లాక పిలకలు వేసిన మోళ్లను లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. వేయనివి నలభై ఏడు. ఒక మోడును కాలితో తోశాను. కదిలింది. చుట్టూ మట్టి తీసి చూస్తే వేళ్లన్నీ జానెడు దూరంలో గొడ్డలితో తెగి ఉన్నాయి.

ఇక విప్పి చెప్పనక్కరలేదు. రంగారావు పొలంలో ముందునుంచీ ఉన్న చెట్లు ముప్పై ఒకటే. నా ముందున్న అధికారి డెబ్బై ఎనిమిది అని రాసి, సుత్తి కూడా వాళ్ల చేతికి ఇచ్చాడు. వాళ్లు అడవిలో నలభై ఏడు చెట్లు నరికి, మోళ్లను తవ్వి ట్రాక్టరు మీద తెచ్చి, పొలంలో పాతి, ముద్ర కొట్టి, నాతో లెక్కపెట్టించారు. గుంతలు ఎప్పటికైనా ఎవరి కంటైనా పడతాయి కాబట్టి వాటికి ఒక కారణం కావాలి. ఆ కారణం ముత్తయ్య. జామీను, వకీలు, బియ్యం అందుకే. పొలంలో మోళ్ల లెక్క, అడవిలో గుంతల లెక్క రెండూ నా డైరీలోనే, పదకొండు పేజీల తేడాతో ఉన్నాయి. నేను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

మన పనిలో పొరపాటు ఎక్కువసార్లు తెలియక జరగదు. తెలిసినవాటిని వేర్వేరు పేజీల్లో వదిలేయడం వల్ల జరుగుతుంది.

రెండు నెలలు

ఇక్కడే డైరీలో లేని సంగతి ఉంది.

ఆ రోజు సాయంత్రమే నేను రిపోర్టు రాసి ఉండాలి. రాయలేదు. రాస్తే ముందు తప్పయ్యేది నా సర్టిఫికెట్. ఆ కాగితం మీద ఉన్నది నా సంతకం ఒక్కటే. ఆఫీసులో పని ఎక్కువగా ఉందని, మోళ్లను ఇంకొకసారి చూసి నిర్ధారించుకోవాలని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలల పేజీల్లో వాన ఎంత పడిందో, వాగులు ఎక్కడ పొంగాయో ఉంది. మోళ్ల మాట ఒక్కటి కూడా లేదు.

చివరికి కదిలించింది నా మనస్సాక్షి అని రాస్తే బాగుంటుంది. అది నిజం కాదు. శ్రావణం చివర్లో యాకూబ్ వచ్చి, వచ్చే వాయిదాకు ముత్తయ్య చేత తప్పు ఒప్పిస్తున్నారని చెప్పాడు. ఒప్పుకుంటే తక్కువ శిక్షతో పోతుందని వకీలు చెప్పాడట. ఒప్పుకుంటే సాక్షుల విచారణ ఉండదు, ఎవరూ నన్ను ఏమీ అడగరు. గుంతల కథ అంతటితో ముగుస్తుంది. నేను క్షేమం. అది వినగానే నాకు మొదట తేలిక అనిపించింది. ఆ తేలిక చూసి నాకే అసహ్యం వేసింది. మరునాడు రిపోర్టు రాశాను.

మా పై అధికారి డి.ఎఫ్.ఓ. గారు చదివి కళ్లద్దాలు తీశారు. ఆయన చెడ్డవాడు కాదు. "సాక్ష్యం బలంగా లేదని కేసును మెల్లగా వీగిపోనిద్దామయ్యా. అతనూ బయటపడతాడు, నువ్వూ బయటపడతావు" అన్నారు.

"వాయిదాకు ఒప్పుకుంటున్నాడు సార్. వీగిపోయేంత టైము లేదు."

"నీ సర్టిఫికెట్ తప్పని నువ్వే రాసిస్తే నేను కాపాడలేను."

"తెలుసు సార్."

రిపోర్టు తీసుకున్నారు. తర్వాత నాకు ఛార్జి మెమో ఇచ్చిందీ ఆయనే. దాని గురించి ఇంతకన్నా రాయవలసింది లేదు.

ఒప్పుకోలు

వాయిదాకు రెండు రోజుల ముందు ముత్తయ్య ఇంటికి వెళ్లాను. కేసు పెట్టిన అధికారి నిందితుడి ఇంటికి వెళ్లకూడదు. వెళ్లాను. మోళ్ల సంగతి మొత్తం చెప్పాను. ముత్తయ్య ఆశ్చర్యపోలేదు. వెదురు చీలుస్తూ విన్నాడు.

"మీరే పట్టుకపోతిరి, మీరే ఇడిసిపెడ్తరా? మంచిగున్నది సార్ మీ నౌకరి."

"ఒప్పుకోవద్దు. తవ్వలేదని చెప్పు. మిగతాది నేను చెబుతాను."

"మీరు చెప్తరని ఏంది నమ్మకం?"

రిపోర్టు నకలు తీసి ఇచ్చాను. అతనికి చదువు రాదు. కాగితం మీద నా సంతకం ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

"ఒప్పుకోకపోతే వకీలు ఉండడు. జామీను ఇచ్చినోళ్లు ఎనకకు పోతరు. బియ్యం రావు" అన్నాడు భార్య వైపు చూసి.

లచ్చమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "బియ్యం మొన్ననే అయిపోయినయ్" అంది. "అంబలి తాగి పెరగలేదా మనం? నువ్వు తవ్వినవా?"

"తవ్వలే."

"మరి తవ్వలేదనే చెప్పు."

వాయిదా రోజు వకీలు అతని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. తప్పు ఒప్పుకుంటున్నావా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. ముత్తయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు, ఆ రోజు చేయగలిగింది అదే. "నేను తవ్వలేదు దొరా" అన్నాడు. వకీలు అప్పుడే కేసు వదిలేసి వెళ్లిపోయాడు.

కోర్టు వరండాలో రంగారావు నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో కోపం లేదు.

"టీ తాగుదాం రండి సార్."

వద్దన్నాను.

"మీ మీద నాకేం లేదు సార్. పొరపాటు మాదే. మీ ముందున్నాయన సంతకం పెడతానన్నాడు. ఆయన సంతకం ఎవడు నమ్ముతాడని మేమే ఆగాం. మంచి ఆఫీసరు వచ్చేదాకా ఆగాలని అమ్మే చెప్పింది."

ఉద్యోగంలో నన్ను ఎవరూ అంతకన్నా బాగా తూకం వేయలేదు. నేను మజ్జిగ తాగకపోవడం వాళ్లకు ఉపయోగపడింది. లంచం తీసుకోని మనిషి సంతకం వాళ్లకు ఉచితంగా దొరికింది. మీ నిజాయితీని చూసి మురిసిపోయేవాడు ఎదురైతే, ఆ రోజు లెక్కను రెండుసార్లు చూసుకోండి.

ఆ తర్వాత

కోర్టు ఆజ్ఞతో నలభై ఏడు మోళ్లనూ పైకి తీశాం. ఒక మోడును ట్రాక్టరు మీద గుంతల దగ్గరికి తీసుకెళ్లి, తొమ్మిదో గుంతలో దించితే తెగిన వేరుకు తెగిన వేరు సరిపోయింది. ముత్తయ్య మీద కేసు కొట్టేశారు. సామిల్లోళ్ల మీద కేసు పెట్టాం. మిల్లు లైసెన్సు పోయింది. జైలుకు వెళ్లింది మాత్రం మిల్లు గుమస్తా. అంతా తనే చేశానని ఒప్పుకున్నాడు. అతని ఇంటికి బియ్యం ఎవరు పంపారో మీకు తెలుసు.

ఆ కుటుంబంలో ఇప్పటిదాకా ఎవరికీ శిక్ష పడలేదు. మంగమ్మ పోయినప్పుడు ఎంతో దూరాన ఉన్న చండ్రుగొండ వైపు నుంచి కూడా జనం వచ్చారు. మనవలు టేకు వదిలేసి తోటల్లో పెంచే జామాయిల్ కలప వ్యాపారం చేస్తున్నారు. అది చట్టప్రకారమే చేస్తున్నారని విన్నాను. సాంబయ్య కూడా అలాగే మొదలుపెట్టాడు.

మోడు మీద

పోయిన వానాకాలం చర్ల వైపు ఒక పెళ్లికి వెళ్తూ ముత్తయ్య ఇంటి దగ్గర ఆగాను. ముత్తయ్యకు చూపు తగ్గింది, గొంతును బట్టి గుర్తుపట్టాడు. వాకిట్లో ఒక టేకు మోడు ఉంది. తొమ్మిదో గుంత మోడు. కోర్టు మిగతావాటిని అడిగింది గానీ ఇది గుంతలోనే ఉండిపోతే, ముత్తయ్య ఇంటికి తెచ్చుకున్నాడు.

"మీ సాక్షి మీదనే కూసోండి సార్" అన్నాడు. కూర్చున్నాను.

పట్టా వచ్చిందా అని అడిగాను. వచ్చింది, సగం చేనుకే. సర్వేకు వచ్చినవాళ్లు ఆ ఏడు విత్తిన నేలనే సాగు కింద రాసుకున్నారట. నా రిపోర్టు తర్వాత మా ఆఫీసు నోటీసు ఎత్తేసేసరికి విత్తే అదను దాటిపోయింది. సగానికి ఉలవలు చల్లుకున్నారు. మిగతా సగం బీడు అని రాసి, అడవిలో కలిపి, మధ్యలో హద్దుగా కందకం తవ్వారు. కందకం వాకిట్లోంచి కనిపిస్తోంది. రిపోర్టు ఆషాఢంలోనే రాసి ఉంటే ఆ కందకం ఉండేది కాదు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. తెలుసుకోవడానికి నేను ఎన్నడూ వెళ్లలేదు.

లచ్చమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నిలబడే అడిగింది.

"నేను ఆకు కోసింది ఆషాఢంల. మీరు మా ఇంటికొచ్చింది శ్రావణం పోయే ముందట. మధ్యల ఏం జేసిన్రు సార్?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. చాలా ఏళ్లుగా అడుగుదామని దాచుకున్న ప్రశ్నలా ఉంది. డైరీలో ఏముందో అదే చెప్పాను.

"వాన ఎంత పడిందో రాసుకున్నాను."

ఆమె కందకం వైపు చూసింది.

"గా వాన మా చేన్ల గూడ పడ్డది సార్" అంది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.